ఐదో గడి

హనుమకొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ రంగుల ప్రకటన మూడుసార్లు చదివాను. ‘ఇంటి నుంచే బీఎస్సీ నర్సింగ్, క్లాసులకు రానక్కర్లేదు, ఏడాదిన్నరలో సర్టిఫికెట్ చేతికి, నెలనెలా వాయిదాలు’ అని ఉంది. మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న పిల్ల బొమ్మ కూడా ఉంది. ఏ యూనివర్సిటీయో మాత్రం ఎక్కడా లేదు. దాని కింద నువ్వు, ‘పెద్దమ్మా, కట్టెయ్యనా? రేపటితో ఆఫర్ అయిపోతుందంట’ అని రాశావు. రేపు కాదు కదా, వచ్చే దసరాకు కూడా ఆ ఆఫర్ అయిపోదు. ముందు ఆ డబ్బు నీ ఖాతాలోనే ఉండనియ్యి.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు. కానీ డ్యూటీలో నీ ఫోన్ లాకర్లో ఉంటుంది, డ్యూటీ దిగాక నువ్వు నిద్రలో ఉంటావు, నిద్ర లేచే వేళకు నాకు కన్ను మూత పడుతుంది. అందుకని రాస్తున్నా. నాకు ఎలాగూ రిటైరయ్యాక పని లేదు, మీ పెద్దబాపుకు టీ పెట్టివ్వడం తప్ప.

నీ రూమ్మేట్ సంగతి రాశావు. రాయదుర్గంలో ఏదో కంపెనీలో పనిచేస్తూ, ఆఫీసు క్యాబ్‌లో పోతూ వస్తూ ఫోన్లోనే ఎంబీఏ పూర్తి చేసిందని, తనకు కుదిరింది నీకెందుకు కుదరదని. న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మాయి చేసింది దొంగ చదువేమీ కాదు. ఆన్‌లైన్లో ఎంబీఏ నడుపుకోవచ్చని కొన్ని యూనివర్సిటీలకు యూజీసీయే అనుమతి ఇచ్చింది. అయితే అదే యూజీసీ, 2020లో తెచ్చిన నిబంధనల్లో, దూరవిద్యగా గానీ ఆన్‌లైన్లో గానీ నడపకూడని చదువులు ఫలానా అని ఒక జాబితా కూడా పెట్టింది. ఇంజినీరింగ్, మెడిసిన్, డెంటల్, ఫార్మసీలతో పాటు నర్సింగ్ కూడా అందులో ఉంది. నీ ప్రకటన సంగతి ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది. దాని మీద ఇంకో పేజీ ఖర్చు పెట్టను.

మరి ఉద్యోగం మానకుండా చదివే దారే లేదా అంటే, ఉంది. ఇగ్నో వాళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. దూరవిద్యే అయినా, ఆ జాబితా కన్నా ముందు నుంచీ, 1994 నుంచి నడుస్తోంది, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించింది. కొలువులో ఉన్న నర్సుల కోసమే పెట్టిన కోర్సు అది. నీలా ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసి, ఆర్‌ఎన్‌ఆర్‌ఎం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు రెండేళ్ల అనుభవం ఉంటే చాలు. పదో తరగతితో జీఎన్ఎం చేసిన నా తరం వాళ్లకైతే ఐదేళ్లు కావాలి. ఏడాదికోసారి ఎంట్రన్స్ పెడతారు. కోర్సు కనీసం 3 ఏళ్లు, గట్టిగా సాగదీస్తే 5 ఏళ్లు. ప్రాస్పెక్టస్ మాత్రం ఏటా కొత్తది చూసుకోవాలి, చిన్న చిన్న మార్పులు చేస్తూనే ఉంటారు.

దీన్ని దూరవిద్య అంటారు గానీ, నన్నడిగితే అంత దగ్గరి విద్య ఇంకోటి లేదు. థియరీకి పుస్తకాలు ఇంటికొస్తాయి, నిజమే. ప్రాక్టికల్స్‌కి మాత్రం స్టడీ సెంటర్‌కు పోవాలి, పేషెంటు మంచం పక్కన నిలబడాలి, లాగ్‌బుక్ నింపాలి, పక్కన నిలబడ్డ మేడమ్ అడిగిన దానికి జవాబు చెప్పాలి.

ఆ మాటకొస్తే మన దేశంలో సార్వత్రిక విద్య నువ్వుండే హైదరాబాద్‌లో పుట్టిన ముచ్చటే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే, 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో జూబ్లీహిల్స్‌లో, దుర్గం చెరువుకు ఇవతల ఉంది. నువ్వు కేబుల్ బ్రిడ్జి మీద ఫొటోలు దిగావు చూడు, ఆ దగ్గర్లోనే. దానికి మొదటి వైస్ చాన్స్‌లర్ మన కరీంనగర్ జిల్లా ఆయన, ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్స్‌లర్‌గా ఆయన్నే తీసుకుపోయారు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం కూడా మాదాపూర్ పక్కన కావూరి హిల్స్‌లోనే ఉంది. నీ హాస్టల్ నుంచి షేర్ ఆటోలో పోయేంత దూరం. చెరువు పక్కన ఇల్లు పెట్టుకుని నీళ్ల ట్యాంకర్ కోసం ఫోన్ చేసినట్టుంది నీ వ్యవహారం.

ఇప్పుడు నా సంగతి చెబుతా. ఆన్‌లైన్ వద్దని నేను యూజీసీ పేరు చెప్పి బెదిరిస్తున్నానని అనుకోకు. యూజీసీ రేపు ఆ జాబితా కొట్టేసినా నా మాట ఇదే.

నేను 1986లో జీఎన్ఎం పూర్తి చేశాను. పదకొండేళ్లు వార్డుల్లో చేశాక, ఇద్దరు పిల్లలు పుట్టాక, 33వ ఏట ఇగ్నోలో చేరాను. పుస్తకాలు పోస్టులో గోధుమరంగు కవర్లలో వచ్చేవి. మీ పెద్దబాపు వాటి మీది స్టాంపులు కత్తిరించి దాచుకునేవాడు. అంతకుమించి ఆ చదువుతో ఆయనకు సంబంధం లేదు. మొదటి ఏడు అసైన్‌మెంట్లు టైముకు రాయలేదు. తప్పు నాదే. ‘రేపు రాద్దాం’ అని పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఒక పేపర్ అలా ఏడాది వెనక పడింది.

1998 చలికాలంలో ప్రాక్టికల్స్ కోసం కాజీపేటలో పొద్దున్నే బండెక్కి హైదరాబాద్ వచ్చాను. నవంబర్లో ప్రధాని వాజపేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజులవి. రైల్లో ఎవరి నోట విన్నా కంప్యూటరే. నా సంచిలో లాగ్‌బుక్, పెరుగన్నం, ఒక తెల్ల చీర. నాకు ఇచ్చిన కేసు తుంటి ఎముక విరిగిన ముసలాయన. ట్రాక్షన్‌లో ఉన్నాడు, కదలలేడు. కేర్ ప్లాన్ రాయమన్నారు. పట్టిక నీకూ తెలిసిందే. అసెస్‌మెంట్, నర్సింగ్ డయాగ్నసిస్, గోల్, ఇంటర్వెన్షన్ అయ్యాక ఐదో గడి రేషనేల్. ఏం చేస్తున్నావో నాలుగో గడిలో రాస్తావు, ఎందుకు చేస్తున్నావో ఐదో గడిలో రాస్తావు. ఆరోది ఇవాల్యుయేషన్.

పడక పుండు రాకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, వీపుకు స్పిరిట్, పౌడర్ రాసి రుద్దాలి అని నాలుగో గడిలో టకటకా రాశాను. పదకొండేళ్లుగా చేతులు చేస్తున్న పని. ఐదో గడిలో ‘రక్త ప్రసరణ పెరగడానికి’ అని రాసి పెన్ను మూసేశాను.

మేడమ్ వచ్చి చదివింది. “రెండు గంటలే ఎందుకు? మూడు ఎందుకు కాదు?”

“అట్లా నేర్పించారు మేడమ్.”

“ఎవరు?”

“మా ట్యూటర్.”

“ఆమెకు ఎవరు నేర్పించారు?”

నేను నేల చూపులు చూస్తున్నాను. ఆమె కోప్పడలేదు. ముసలాయన్ని మెల్లగా పక్కకు ఒత్తిగిలించింది. నడుం కింద, తోకెముక మీద, రూపాయి బిళ్లంత ఎరుపు. “నొక్కు” అంది. చూపుడు వేలితో నొక్కి వదిలాను. తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుందనుకున్నా. తెల్లబడలేదు. ఎరుపు అలాగే నిలిచింది. “ఇది ఎరుపు కాదు, పుండు మొదలైంది. లోపల దెబ్బ తగిలిన చోట నువ్వు రోజూ స్పిరిట్ పోసి రుద్దుతున్నావు” అంది. ఆ ముసలాయన ‘మంచిగ రుద్దుతది బిడ్డ’ అని నన్ను మెచ్చుకున్నాడు అప్పుడే. ఆ మెప్పు ఈనాటికీ నన్ను గుచ్చుతుంది.

తర్వాత లైబ్రరీలో చదివాను. లండన్‌లో డోరీన్ నార్టన్ అని ఒక నర్సు, ముసలివాళ్ల వార్డుల్లో పనిచేస్తూ, ఇంకో ఇద్దరితో కలిసి పరిశీలన చేసి 1962లో పుస్తకం వేసింది. వీపుకు ఏవేవో రాసి రుద్దడం వల్ల ఒరిగేదేమీ కనిపించలేదని, రెండు మూడు గంటలకోసారి పక్క తిప్పితే మాత్రం పుండ్లు బాగా తగ్గాయని అందులో ఉంది. నర్సు అడిగిన ప్రశ్న, నర్సు తెచ్చిన జవాబు. 1962లో! నేనేమో 1998లో స్పిరిట్ సీసా పట్టుకుని తిరుగుతున్నాను. ఇక్కడితో అయిపోలేదు. 2005లో బెల్జియంలో చూస్తే, ఒత్తిడి తగ్గించే మంచి పరుపు వేసి నాలుగు గంటలకోసారి తిప్పినా పుండ్లు తక్కువే వచ్చాయి. మీ ఐసీయూలో గాలి పరుపులు ఉంటాయి కదా. మీ రోస్టర్‌లో తిప్పే టైము ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఒకసారి అడిగి చూడు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు కోపం రాని వేళ చూసి అడుగు.

ఇదే నేను చెప్పదలచింది. నీకు పని వచ్చు. నీ చేతికి కాన్యులా ఎంత తేలిగ్గా పడుతుందో నేను చూశాను, మీ తాతకు సెలైన్ పెట్టినప్పుడు. డిగ్రీ నీకు పని నేర్పదు. ఆ ఐదో గడి నింపడం నేర్పుతుంది. ఆ గడిని నింపించేది పక్కన నిలబడి ‘నొక్కు’ అనే మనిషి. వీడియో పాఠం ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఆ మాట అనదు. నీ ప్రకటన వాళ్లు అమ్మేది సరిగ్గా ఆ మనిషి లేని చదువు.

‘మరి అమెరికాలో వదిన ఆన్‌లైన్లోనే చేసింది కదా’ అంటావు. అంటావని తెలుసు. డాలస్‌లో మీ వదిన ముందు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసింది, ఎన్‌క్లెక్స్ రాసి లైసెన్స్ తెచ్చుకుంది, తర్వాత ఉద్యోగం చేస్తూ బీఎస్ఎన్ చేసింది. అక్కడ చేతిపని ఆ రెండేళ్ల డిగ్రీలోనే అయిపోయింది, దేశమంతటికీ ఒకటే అయిన లైసెన్స్ పరీక్ష కూడా దాటింది, మిగిలింది చదివి రాసే భాగం. కాలేజీలను తనిఖీ చేసే సంస్థలు వేరే ఉన్నాయి. ఇక్కడ మనం జీఎన్ఎం పరీక్ష పాసైతే కౌన్సిల్‌లో పేరెక్కుతుంది, అంతే. ఒక జిల్లాలో నేర్చుకున్నదానికి, ఇంకో జిల్లాలో నేర్చుకున్నదానికి పొంతన ఉండదు. అందుకే మన దగ్గర రెండో చదువులో కూడా మంచం పక్కన నిలబెడతారు. అక్కడ వాళ్లు డిగ్రీకి ఎంత విలువిస్తారంటే, న్యూయార్క్ రాష్ట్రం 2017లో ఒక చట్టమే చేసింది, కొత్తగా చేరే నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్స్ పూర్తి చేయాలని.

దాని వెనక ఉన్న పరిశోధన కూడా నీకు చెప్పాలి. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు చూసి 2003లో రాసింది. ఆసుపత్రిలో డిగ్రీ ఉన్న నర్సుల వాటా ప్రతి 10 శాతం పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయిన రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించిందని. కాలేజీల వాళ్లు ఈ వాక్యాన్ని ఫ్లెక్సీల మీద వేసుకుంటారు. కానీ అదే బృందం 2002లో రాసింది మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. నర్సుకు అప్పగించిన రోగుల్లో ఒక్కరు పెరిగినా మరణాల అవకాశం 7 శాతం పెరిగిందని. రెండూ కలిపి చదవాలి. డిగ్రీ ఉన్న పిల్లకు రాత్రి డ్యూటీలో పన్నెండు మందిని అప్పగిస్తే ఐదో గడి ఎవరు నింపుతారు, చంద్రుడా?

ఇంకో ఉచ్చు ఉంది, ఆన్‌లైన్ కన్నా పాతది. ‘నాన్ అటెండింగ్’. నీ హాస్టల్ గోడల మీద కూడా ఆ కాగితాలు అంటించే ఉంటారు. పేరు కాలేజీలో ఉంటుంది, మనిషి ఉద్యోగంలో ఉంటుంది, పరీక్షకు మాత్రం రైలెక్కి పోతుంది. మా దగ్గర పనిచేసిన ఒక పిల్ల పక్క రాష్ట్రంలో అలా చేసింది. డబ్బు మూడు విడతలుగా కట్టింది, నగలు కుదువపెట్టి. రెండేళ్లు ఇక్కడ ఫుల్‌టైం డ్యూటీ చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంది, అవే తేదీల్లో వేరే రాష్ట్రంలో హాజరు నిండినట్టు కాలేజీ సర్టిఫికెట్ ఉంది. బయటి దేశం ఏజెన్సీ వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది అబద్ధమని అడిగారు. ఏది అబద్ధమన్నా ఆమెకే నష్టం. ఆ ఫైలు మూసేశారు. ఆ పిల్ల మంచి నర్సు బిడ్డా, రాత్రంతా ఒంటి కాలి మీద నిలబడేది.

అందుకని ఉద్యోగంలో ఉంటూ చేస్తే ఇగ్నో. లేదంటే ఉద్యోగం మానేసి రెండేళ్లు రెగ్యులర్ పోస్ట్ బేసిక్. మూడో దారి ఎవరు చూపించినా చెప్పు చేత పట్టుకో. రెగ్యులర్‌కు వరంగల్‌లోని మన కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది. అలా అయితే మా ఇంట్లోనే ఉండొచ్చు, తిండి నా పూచీ. కానీ నీ జీతం మీద తమ్ముడి ఫీజు నడుస్తోంది కాబట్టి నువ్వు ఆ దారి పట్టలేవని నాకు తెలుసు. ఇగ్నో గురించే మాట్లాడుకుందాం.

మొదటి పని, నీ ఒరిజినల్స్. చేరినప్పుడు సర్టిఫికెట్లు మీ ఆఫీసులో పెట్టుకున్నారా? నువ్వెప్పుడూ చెప్పలేదు, కానీ అడిగినప్పుడల్లా మాట మారుస్తున్నావు కాబట్టి పెట్టుకునే ఉంటారు. నా మొదటి ఉద్యోగంలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు నావి పద్నాలుగు నెలలు బీరువాలో పెట్టి, ప్రభుత్వ ఇంటర్వ్యూ రోజున తాళం చెవి దొరకలేదన్నారు. ఆ ఉద్యోగం ఏడాది ఆలస్యమైంది. కాబట్టి ఇప్పుడే, ఏ గొడవా లేని రోజుల్లోనే, పై చదువు వెరిఫికేషన్‌కు కావాలని రాతపూర్వకంగా అడుగు. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. తిరిగొచ్చాక మళ్లీ ఇవ్వకు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ కూడా చూసుకో, అప్లికేషన్ పెట్టే రోజున అది ముగిసి ఉంటే ఏడాది పోతుంది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ హెచ్‌ఆర్ నుంచి తీసుకునేటప్పుడు చేరిన తేదీ అంకెల్లో, అక్షరాల్లో రాయించు.

డ్యూటీల సంగతి. నైట్ దిగాక చదువుతానని శపథాలు చేయకు. ఎవరి వల్లా కాలేదు. నైట్ దిగాక నిద్రే, కిటికీకి దుప్పటి కట్టుకుని మరీ. నేను చేసిందేమిటంటే, ఈవినింగ్ డ్యూటీల వారంలో పొద్దున గంట, మార్నింగ్ డ్యూటీల వారంలో ఏమీ లేదు, వీక్ ఆఫ్ రోజు మాత్రం మూడు గంటలు, తలుపేసుకుని. మీది పన్నెండు గంటల షిఫ్ట్ కాబట్టి నీ లెక్క వేరే ఉంటుంది, నువ్వే వేసుకో. సెలవులు మాత్రం ఇప్పటి నుంచే కూడబెట్టు. పెళ్లిళ్లకూ, పుట్టు వెంట్రుకలకూ ఇచ్చేస్తే ప్రాక్టికల్స్ వచ్చేసరికి ఖాళీ చేతులు. మా మనవరాలి పుట్టినరోజుకు కూడా రావద్దు, నేనే చెబుతున్నా. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ముందే చెప్పు. ఆమె దగ్గర దాచిపెట్టి చదవాలనుకున్న వాళ్లంతా మధ్యలో మానేశారు. రోస్టర్ ఆమె చేతిలో ఉంది, ప్రిన్సిపల్ చేతిలో లేదు.

ఇంగ్లీషు నీకు భయం. పుస్తకాలన్నీ ఇంగ్లీషే, నిజమే. కానీ పక్క సీటు కేరళ అమ్మాయితో రోజూ హ్యాండోవర్ ఏ భాషలో ఇస్తున్నావు? కేస్ షీట్‌లో నర్సెస్ నోట్స్ ఏ భాషలో రాస్తున్నావు? అదే ఇంగ్లీషు, కాకపోతే పొట్టి పొట్టి ముక్కల్లో. ఆ ముక్కలకు ‘ఎందుకంటే’ అతికించి పొడుగు చేస్తే అసైన్‌మెంట్ అవుతుంది. నేను మొదటి పేపర్ మొత్తం తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకున్నాను. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు.

స్టాటిస్టిక్స్ అంటే గుండె జారుతుంది అందరికీ. మీ ఐసీయూ గోడ మీద ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ నెలకోసారి ఒక కాగితం అంటిస్తుంది చూడు, వెయ్యి వెంటిలేటర్ రోజులకు ఎన్ని న్యుమోనియాలు అని. అదే స్టాటిస్టిక్స్. ఎన్ఏబీహెచ్ వాళ్లు తనిఖీకి వచ్చే ముందు వారం మీరంతా ఆ అంకెను గడగడా అప్పజెబుతారు కదా. వెంటిలేటర్ రోజులతో భాగించి వెయ్యితో ఎందుకు గుణిస్తారో అర్థమైన రోజున సగం సిలబస్ అయిపోయినట్టే.

ఇక డబ్బు. ఇక్కడ నిన్ను ఊరించను. డిగ్రీ వచ్చిన మర్నాడు మీ దగ్గర జీతం ఎగిరి గంతేయదు. ప్రైవేటు దవాఖానల నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలు లేని చోట కూడా నెలకు 20,000కు తగ్గకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. నీ పే స్లిప్ చూసుకుని నువ్వే చెప్పు ఆ సిఫారసు ఎక్కడుందో. సర్కారు కొలువుకైతే జీఎన్ఎం కూడా చాలు. ఎయిమ్స్ వాళ్ల నార్సెట్ పరీక్షకు కూడా జీఎన్ఎం మీద 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే కూర్చోవచ్చు, నీకు ఆ అర్హత ఇప్పటికే ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ మన ఇంటికి వచ్చే దారిలోనే ఉంది. చదువు మొదలుపెట్టానని ఆ పరీక్ష రాయడం మానకు. డిగ్రీ తలుపు తెరిచేది ఆ పైన. ఎమ్మెస్సీకి, టీచింగ్‌కు, క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు అది లేకుండా దారి లేదు. మన జీఎన్ఎంనే ఎత్తేస్తారని కొన్నేళ్ల కింద ఒక మాట వచ్చింది, తర్వాత వాయిదా పడింది. 2023లో పార్లమెంటు పాత 1947 చట్టం స్థానంలో కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం చేసింది. గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు.

మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్యి. ‘ఇంకెన్నేండ్లు సదువుతది, సంబంధాలు పోతున్నయ్’ అని నిన్న కూడా ఫోన్ చేసింది. నేను దానికి రూపాబాయి కథ చెప్పాను. నీకూ తెలియదేమో. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో, అదే తర్వాత ఉస్మానియా అయింది, చేరిన మొదటి ఆడపిల్లల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకతె. ఇక్కడి దవాఖానల్లో క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలోనే మొదటి మహిళా అనెస్థటిస్టుల్లో ఒకరిగా చెబుతారు. అంత పేరు వచ్చాక, ఏళ్ల తరబడి మనుషుల్ని నిద్రపుచ్చి లేపాక, 1909లో ఓడెక్కి ఎడిన్‌బరో పోయి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుకుంది. చేత్తో చేస్తున్న పనికి కారణం ఏదో ఆ గాలుల లెక్కల్లో ఉందని. మీ అమ్మ అంతా విని, ‘ఆమెకు పెండ్లి అయిందా?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మాట మార్చేశాను.

నువ్వు ఒక సంగతి రాశావు, సగంలో ఆపేశావు. 2020లో నీ మొదటి ఉద్యోగం, పీపీఈ కిట్లో ఆరు గంటలు, గచ్చిబౌలి స్టేడియం దగ్గరి టవర్‌ను 1,500 పడకల కరోనా దవాఖానగా మార్చిన రోజులు. అప్పుడు రోడ్ల మీద చప్పట్లు కొట్టిన మనుషులే ఇప్పుడు బెల్లు నొక్కి ‘సిస్టర్, ఏసీ తగ్గించు’ అంటున్నారని. ఆ బాధతోనే ఈ డిగ్రీ కావాలంటున్నావని నాకు అనిపించింది. పేరు పక్కన మూడు అక్షరాలు చేరితే ఆ గొంతు మారుతుందని. మారదు బిడ్డా. ఏసీ తగ్గించమన్న ఆ సారు నీ ఐడీ కార్డు చదవడు. నేను సూపరింటెండెంట్ అయ్యాక కూడా నన్ను ‘ఓ అమ్మా’ అనే పిలిచారు. ఆ లెక్కతో చేరితే రెండో ఏడు మానేస్తావు. రౌండ్స్‌లో డాక్టర్ ‘ఎందుకు ఆ డోస్ ఆపావు’ అన్నప్పుడు తడబడకుండా పొటాషియం విలువ చెప్పి, కారణం చెప్పి నిలబడే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు కోసం చేరు.

ఆ ఏజెంట్ మళ్లీ ఫోన్ చేస్తే రెండే అడుగు. యూనివర్సిటీ పేరేమిటి, ప్రాక్టికల్స్ ఏ వార్డులో అని. రెండో ప్రశ్న దగ్గర ఫోన్ కట్ అవుతుంది.

వచ్చే నెల నీ రోస్టర్ ఫొటో తీసి పంపు. వరసగా రెండు ఆఫ్‌లు దొరికితే ఇంటికి రా, నాటుకోడి తెప్పిస్తా. నా లాగ్‌బుక్ ఇంకా బీరువాలోనే ఉంది, అంచులు పురుగు తిన్నా చదవడానికి వస్తుంది. ఆ తుంటి విరిగిన ముసలాయన కేర్ ప్లాన్ పదిహేడో పేజీలో ఉంది. ఐదో గడిలో నా నీలం అక్షరాలు, వాటి మీద ఎర్ర సిరాతో మేడమ్ కొట్టిన గీత, పక్కన ఆమె వేసిన ప్రశ్నార్థకం.

ఉంటాను,
పెద్దమ్మ